ముత్యాల పడవలో మెట్లు: రోమ్ నగరం నుంచి దుబాయ్ తీరం దాకా

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే సీతారాముల కల్యాణంలో తలంబ్రాల బియ్యంతో పాటు ముత్యాలు కూడా ఉంటాయి. గోల్కొండ ఏలిన తానీషా కాలంలో మొదలైందని మనవాళ్ళు చెప్పుకునే ఈ ఆనవాయితీని తర్వాత వచ్చిన నిజాములూ, వాళ్ళ తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ పాటిస్తూ వచ్చాయి. ఇక నిజాముల నగల సంగతి చెప్పనక్కరలేదు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ నగల్లో ‘సత్‌లడా’ అనే ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఒకటి. హైదరాబాదుకు ముత్యాల నగరం అని పేరు. చార్మినార్ చుట్టుపక్కల ముత్యాల దుకాణాలు చూడని తెలుగువాడు అరుదు.

అయితే హైదరాబాదుకు సముద్రం లేదు. బస్రా ముత్యం బస్రాలోనూ పుట్టదు. ఇరాక్‌లోని బస్రా ఒక వ్యాపార రేవు మాత్రమే. ఆ ముత్యాలు పుట్టింది బహ్రెయిన్ నుంచి ఇప్పటి సంయుక్త అరబ్ ఎమిరేట్స్ దాకా పరుచుకున్న గల్ఫ్ సముద్రపు అడుగున. వాటిని పైకి తెచ్చింది ముక్కుకు పట్టీ పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి దూకిన మనుషులు. ముత్యం ఎవరి మెడలో మెరిసిందో చరిత్రలో బాగానే రాసి ఉంది. ఎవరి ఊపిరి ఖర్చుతో పైకి వచ్చిందన్నది అంతగా రాసి లేదు.

సమాజంలో ఎవరిది ఏ మెట్టు అన్న ప్రశ్న ముత్యాన్ని పట్టుకుని వెళితే చక్కగా అర్థమవుతుంది. ఈ వ్యాసంలో మొదట ప్రాచీన రోమ్‌కు వెళ్దాం. అక్కడి నుంచి గల్ఫ్ తీరానికి, ఆఖరికి మన దగ్గరికి వద్దాం.

ఆస్తి లెక్కన మనిషి

రోమ్ తొలి రోజుల్లో మనుషులు రెండు రకాలు: పెట్రీషియన్లు, ప్లెబియన్లు. మొదటివాళ్ళు పాత కుటుంబాలవాళ్ళు. పదవులు, పూజారి పీఠాలు, చట్టం తెలిసిన తెలివి అన్నీ వాళ్ళవే. రెండో వర్గం మిగతా జనం. అందులో కటిక పేదలూ ఉన్నారు, బాగా డబ్బున్నవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ మధ్య తగాదా సుమారు రెండు వందల ఏళ్ళు నడిచింది. క్రీ.పూ. 494లో ప్లెబియన్లు మూకుమ్మడిగా ఊరు విడిచి బయటకు వెళ్ళి కూర్చున్నారని రోమన్ చరిత్రకారులు రాశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది సమ్మె. దానికి ముఖ్య కారణం అప్పులు. ఆ సమ్మె ఫలితంగా వాళ్ళకు ‘ట్రిబ్యూన్లు’ అనే సొంత ప్రతినిధులు దొరికారు. క్రీ.పూ. 450 ప్రాంతంలో చట్టాన్ని పన్నెండు పలకల మీద రాయించి బహిరంగంగా పెట్టారు. క్రీ.పూ. 445 దాకా ఒక వర్గంవాళ్ళు రెండో వర్గంవాళ్ళను పెళ్ళి చేసుకోవడానికి వీల్లేదు. మన ఊళ్ళు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

అప్పటి అప్పుకు ఒక పద్ధతి ఉండేది. దాని పేరు ‘నెక్సమ్’. అప్పు తీసుకున్నవాడు తన ఒంటినే తాకట్టు పెట్టేవాడు. తీర్చలేకపోతే అప్పిచ్చినవాడి దగ్గర చాకిరీ చెయ్యాలి. పేరుకు పౌరుడే, బతుకు మాత్రం బానిసది. ఈ పద్ధతిని క్రీ.పూ. 326లో చట్టం చేసి తీసేశారని లివీ అనే చరిత్రకారుడు రాశాడు. రోమన్ సామాన్యుడికి స్వేచ్ఛ ఆ ఏడాదే రెండోసారి మొదలైందన్నట్టుగా ఆయన దాన్ని వర్ణించాడు.

తర్వాతి కాలంలో, అంటే అగస్టస్ చక్రవర్తి నాటికి, పుట్టుక కంటే ఆస్తి లెక్క ముఖ్యమైంది. సెనేటర్ కావాలంటే 10 లక్షల సెస్టర్సీల ఆస్తి ఉండాలి. దాని కింది వర్గం ఈక్వెస్ట్రియన్లు, అంటే అశ్వికులు. దానికి 4 లక్షలు కావాలి. మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో బట్ట చూసి చెప్పెయ్యొచ్చు. సెనేటర్ అంగీకి వెడల్పాటి ఊదారంగు పట్టీ, అశ్వికుడి అంగీకి సన్నటి పట్టీ, వేలికి బంగారు ఉంగరం. వాళ్ళ కింద మామూలు పౌరులు, వాళ్ళ కింద విముక్తులు, అందరికంటే కింద బానిసలు.

పేదవాడు ధనికుడి నీడన బతికేవాడు. తెల్లవారుతూనే పెద్దమనిషి ఇంటి ముందు గుమిగూడి దండం పెట్టుకోవడం, ఆయన ఇచ్చే చిన్న పైకమో తిండో తీసుకోవడం, ఎన్నికలప్పుడు ఆయన వెంట తిరగడం వాళ్ళ దినచర్య. తెలంగాణ పల్లెల్లో గడీ ముందు నిలబడ్డ జనాన్ని తలుచుకుంటే బొమ్మ కళ్ళకు కడుతుంది.

రోమ్‌లో ఒక విశేషం ఉంది. యజమాని పద్ధతి ప్రకారం విడిచిపెట్టిన బానిస పౌరుడు కాగలడు. పదవులు చేపట్టలేడు, మాజీ యజమాని పేరు తన పేరులో కలుపుకోవాలి, ఆయనకు మర్యాదా కొంత చాకిరీ బాకీ ఉంటాడు. కానీ స్వేచ్ఛ వచ్చాక అతనికి పుట్టిన కొడుకు మిగతా పౌరులతో సమానం. అంటే మెట్లు ఉన్నాయి, మెట్ల మధ్య ఇరుకైన దారీ ఉంది.

ముత్యం ఎవరు పెట్టుకోవాలి?

ఈ మెట్ల గోల ముత్యాల దాకా వెళ్ళింది. ఫలానా హోదా, ఫలానా వయసు ఉన్నవాళ్ళు తప్ప, అదీ ఫలానా రోజుల్లో తప్ప, ముత్యాలు ధరించకూడదని జూలియస్ సీజర్ ఆంక్ష పెట్టాడని సూటోనియస్ రాశాడు. పల్లకీలకూ, ఎర్రటి విలువైన వస్త్రాలకూ అదే నియమం. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ప్లీనీ, లోలియా పౌలీనా అనే ఆవిడ ఒక మామూలు విందుకు 4 కోట్ల సెస్టర్సీల విలువైన పచ్చలూ ముత్యాలూ ఒంటినిండా దిగేసుకుని వచ్చిందని రాశాడు. అంటే నలభై మందిని సెనేటర్లుగా నిలబెట్టే ఆస్తి ఒక్క ఒంటి మీద ఉందన్న మాట. భారతదేశం, చైనా, అరేబియా కలిసి ఏటా 10 కోట్ల సెస్టర్సీలు రోమ్ నుంచి లాగేస్తున్నాయని వాపోయింది కూడా ఆయనే.

ఇంకో చిన్న సంగతి. స్వాతి కార్తెలో చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యం అవుతుందని మనవాళ్ళ నమ్మకం. ఆల్చిప్ప ఆకాశపు మంచు బిందువును గర్భంలో దాల్చితే ముత్యం పుడుతుందని ప్లీనీ రాశాడు. ముత్యం పైకి రావడానికి పడే కష్టం చూడనివాళ్ళకు, ఏ దేశంలోనైనా, అది ఆకాశం నుంచి పడ్డట్టే ఉంటుంది.

అదే శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి మన తూర్పు తీరం దాకా ఉన్న రేవుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ‘పెరిప్లస్’ అంటారు. అందులో గల్ఫ్ వైపు ఉన్న ఒమనా అనే రేవు గురించి చెబుతూ, అక్కడి నుంచి ఎగుమతి అయ్యే సరుకుల జాబితా ఇచ్చాడు: ముత్యాలు, ఊదారంగు, స్థానిక వస్త్రాలు, ద్రాక్షసారా, ఖర్జూరాలు, బంగారం, బానిసలు. ముత్యమూ మనిషీ ఒకే జాబితాలో, ఒకే వాక్యంలో ఉన్నారు. ఉమ్ అల్ ఖ్వైన్‌లోని అద్-దూర్‌లో తవ్వకాల్లో బయటపడ్డ ప్రాచీన పట్టణమే ఆ ఒమనా అని కొందరు పండితుల అభిప్రాయం. అక్కడ గుడి, సమాధులు, రోమన్ గాజు పాత్రలు దొరికాయి. దుబాయ్ నుంచి కారులో గంట ప్రయాణం.

అదే పుస్తకం తమిళ తీరంలో పాండ్యరాజు ఏలుబడిలోని కొల్కై దగ్గర ముత్యాల వేట శిక్షపడ్డ నేరస్తుల చేత చేయిస్తారని చెబుతుంది. ఇంకొంచెం ముందుకు వచ్చి, మచిలీపట్నం ప్రాంతమని పండితులు చెప్పే మసలియాలో సన్నబట్టలు విరివిగా తయారవుతాయంటుంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే మనమూ ఆ లెక్కలో ఉన్నాం. రోమ్ వెండి మన నేలకు చేరింది, మన బట్ట, గల్ఫ్ ముత్యం సముద్రాలు దాటాయి. ఎవరి పేరూ లేకుండా ఆ వెనక చెయ్యి వేసినవాళ్ళు మూడు చోట్లా ఉన్నారు.

పడవలో ఎవరు ఎవరు?

గల్ఫ్‌లో ముత్యాల వేట రోమ్ కంటే చాలా పాతది. అబుదాబి దగ్గరి మరావా దీవిలో సుమారు 8,000 ఏళ్ళ నాటి ముత్యం దొరికిందని 2019లో ప్రకటించారు. కానీ మనకు వివరంగా తెలిసిన కాలం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదలు. అప్పుడు ఈ తీరానికి ‘ట్రూషియల్ స్టేట్స్’ అని పేరు. 1835లో ముత్యాల వేట సాగే నెలల్లో సముద్రం మీద యుద్ధాలు చేసుకోకూడదని షేక్‌లు బ్రిటిష్‌వారితో ఒక సంధి చేసుకున్నారు. 1853లో దాన్ని శాశ్వతం చేశారు. ఆ సంధి వల్లే ఆ పేరు వచ్చింది. ఒక దేశం పేరే ముత్యాల సీజన్‌ను బట్టి వచ్చిందంటే దాని ప్రాముఖ్యం ఊహించవచ్చు.

బ్రిటిష్ అధికారి లారిమర్ తయారుచేసిన గెజెటీర్ ప్రకారం 20వ శతాబ్దం మొదట్లో ఈ ఒక్క తీరం నుంచే 1,200కు పైగా పడవలు, సుమారు 22,000 మంది మనుషులు ముత్యాలకు వెళ్ళేవారు. పెద్ద సీజన్ జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా. నాలుగు నెలలు పడవే ఇల్లు. తిండి కాస్త ఖర్జూరం, అన్నం, చేప, కాఫీ.

ఆ పడవలో మెట్లు ఇలా ఉండేవి. అందరికంటే పైన ‘నఖుదా’, అంటే కెప్టెన్. ఎక్కడ లంగరు వెయ్యాలో, ఎప్పుడు దూకాలో అతని మాటే శాసనం. అతని కింద పనివాళ్ళను అదిలించే మేస్త్రి. తర్వాత ‘ఘైస్’, నీళ్ళలో దూకేవాడు. అతనికి జతగా ‘సైబ్’, పడవలో నిలబడి తాడు పట్టుకునేవాడు. దూకినవాడి ప్రాణం ఈ తాడు పట్టినవాడి చేతిలో ఉంటుంది. కింద నుంచి తాడు కదిలీ కదలగానే లాగాలి. క్షణం ఏమరుపాటు పనికిరాదు. వాళ్ళ కింద ‘రదీఫ్’, చిల్లర పనులు చేసే కుర్రవాడు. ఇంకా కింద ‘తబ్బాబ్’, పని నేర్చుకోవడానికి వచ్చిన పసివాడు. వీళ్ళు కాక పాటగాడు ‘నహ్హామ్’. తెడ్డు వెయ్యడానికీ తెరచాప ఎత్తడానికీ లయ అందించేది అతని గొంతు. మన పడవవాళ్ళ పదాల మాదిరే.

దూకేవాడి పరికరాలు చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ముక్కు మూసుకోవడానికి తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన పట్టీ, వేళ్ళకు తోలు తొడుగులు, కాలికి రాయి, మెడకో నడుముకో తాడుతో అల్లిన బుట్ట. జెల్లీ చేపలు కుట్టకుండా నూలు బట్ట. అంతే. ఊపిరి బిగబట్టి ఒకటి రెండు నిమిషాలు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా పదులసార్లు. ఏళ్ళు గడిచేకొద్దీ చెవులు, కళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతినేవి.

మర్నాడు ఉదయం అందరి ఎదుటా చిప్పలు తెరిచేవారు. ఏ చిప్ప ఎవరు తెచ్చారో లెక్క ఉండదు, అంతా ఒకే కుప్ప. ముత్యాలు నఖుదా పెట్టెలోకి వెళ్ళేవి. సీజన్ ముగిశాక అమ్మిన సొమ్ములో పడవ వాటా, తిండి ఖర్చులు తీసేసి మిగిలినదాన్ని వంతులు వేసేవారు. దూకేవాడికి 3 వంతులు, తాడు పట్టేవాడికి 2, రదీఫ్‌కు 1. తబ్బాబ్‌కు వంతు లేదు. ఉదాహరణకు 8 మంది దూకేవాళ్ళు, 8 మంది తాడు పట్టేవాళ్ళు, ఇద్దరు రదీఫ్‌లు ఉన్న పడవలో, నఖుదా సంగతి పక్కన పెడితే, మొత్తం 42 వంతులు. ఒక్కో దూకేవాడికి అందులో 3. వినడానికి న్యాయంగానే ఉంది. కాగితం మీద ఇది జీతం కూడా కాదు, భాగస్వామ్యం. చిక్కంతా వంతుల దగ్గర లేదు, అప్పు పుస్తకం దగ్గర ఉంది.

అప్పు అనే తాడు

నాలుగు నెలలు సముద్రం మీద ఉండే మనిషి ఇంట్లో తినడానికి ఏదో ఉండాలి. అందుకని సీజన్ ముందు నఖుదా అడ్వాన్సు ఇచ్చేవాడు. సీజన్ అయ్యాక, చలికాలం గడవడానికి మరో అడ్వాన్సు. నఖుదాకు ఆ డబ్బు ఎక్కడిది? ఒడ్డున ఉన్న వర్తకుడి దగ్గర అప్పు. ముత్యాలు కొనే ‘తవ్వాష్’ ఆ వర్తకుడికి చుట్టమో, ఒక్కోసారి ఆ వర్తకుడేనో. తవ్వాష్ వెనక బొంబాయి పెద్ద వ్యాపారులు. ఈ గొలుసులో మన దేశంవాళ్ళూ ముఖ్యులే. సింధ్, కచ్, గుజరాత్ నుంచి వచ్చిన బనియాలు, భాటియాలు దుబాయ్, షార్జా, అబుదాబి రేవుల్లో బియ్యం, బట్టలు, పెట్టుబడి సమకూర్చేవారు. ముత్యాలు ఆఖరికి బొంబాయి బజారుకే చేరేవి. అక్కడి నుంచి కొన్ని హైదరాబాదుకు, కొన్ని పారిస్‌కు.

ఇస్లాం వడ్డీని ఒప్పదు. కాబట్టి వడ్డీ అనేవారు కాదు. అడ్వాన్సును డబ్బుగా కాక బియ్యంగా, బట్టగా, కాఫీగా ఇచ్చి ధర ఎక్కువ వేసేవారు. దూకేవాడికి చదువు రాదు, పుస్తకం నఖుదా దగ్గర ఉంటుంది. ఒక సీజన్ బాగోకపోతే బాకీ వచ్చే సీజన్‌కు జారేది. అది తీరకముందే ఇంకో చలికాలం వచ్చేది. తండ్రి చనిపోతే కొడుకు ఆ బాకీ తీర్చడానికి అదే పడవ ఎక్కేవాడు.

పడవ మారాలంటే? పాత నఖుదా బాకీ ఎంతో రాసి చీటీ ఇవ్వాలి. కొత్త నఖుదా ఆ బాకీ కట్టి మనిషిని తీసుకోవాలి. బహ్రెయిన్‌లో ఆ చీటీని ‘బర్వా’ అనేవారు. చీటీ లేనివాణ్ణి ఎవరూ తీసుకోరు. తగువు వస్తే తేల్చడానికి ముత్యాల వేటకు వేరే పంచాయతీ ఉండేది. దానిలో తీర్పు చెప్పేది అనుభవజ్ఞులైన పాత నఖుదాలూ వర్తకులూ. ఎవరి వైపు మొగ్గేదో చెప్పనక్కరలేదు.

అందరూ ఇలాగే ఉండేవారని కాదు. లివా ఒయాసిస్సుల నుంచి వచ్చే బనీ యాస్ తెగవాళ్ళలో కొందరు తమలో తాము కలిసి పడవ నడుపుకునేవారు. వర్తకుడి పెట్టుబడి లేకుండా వచ్చినదాన్ని పంచుకునేవారు. చలికాలం ఖర్జూరపు తోట, ఒంటెలు చూసుకుని వేసవిలో సముద్రానికి వెళ్ళేవారు. చేతిలో కాస్త తోట ఉన్నవాడికి అప్పు ఉరి కాదు. ఏమీ లేనివాడికే అది ఉరి.

బహ్రెయిన్‌లో 1920ల్లో బ్రిటిష్ వారి ఒత్తిడితో సంస్కరణలు వచ్చాయి. ప్రతి దూకేవాడికీ తన లెక్క తనకు తెలిసేలా సొంత పుస్తకం ఉండాలన్నారు, అడ్వాన్సులకు హద్దు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ ముత్యాల ధర పడిపోయి అడ్వాన్సు మరీ తగ్గినప్పుడు, 1932లో దూకేవాళ్ళే తిరగబడ్డారు. పైపైన చూస్తే విడ్డూరం. అప్పు తగ్గిస్తే కోపమెందుకు? ఎందుకంటే వాళ్ళకు అప్పు తప్ప వేరే ఆదాయం లేదు. తాడు ఉరి అన్నది నిజమే, పైకి లాగేదీ ఆ తాడే. ప్రత్యామ్నాయం చూపించకుండా దాన్ని కొయ్యడం సంస్కరణ కాదని ఆ ఏడాది నేర్పింది.

చీటీ మీద స్వేచ్ఛ

ఈ అప్పుల మనుషుల కంటే కింద మెట్టు ఒకటి ఉండేది. తూర్పు ఆఫ్రికా నుంచీ, తర్వాత బలూచిస్తాన్ నుంచీ పట్టుకొచ్చి అమ్మిన బానిసలు. వాళ్ళూ అదే పడవలో, అదే తాడుకు, అదే నీళ్ళలో దూకేవారు. తేడా ఒక్కటే. వాళ్ళ 3 వంతులు వాళ్ళకు రావు, యజమానికి వెళతాయి. 1847లో సముద్రం మీద బానిసల రవాణా ఆపుతామని షేక్‌లు ఒప్పందం చేసుకున్నారు. కానీ యూరప్, అమెరికాల్లో ముత్యాలకు గిరాకీ పెరిగిన కొద్దీ దూకే మనుషులకూ గిరాకీ పెరిగింది. రవాణా చాటుగా సాగింది.

పారిపోయి షార్జాలోనో మస్కట్‌లోనో బహ్రెయిన్‌లోనో బ్రిటిష్ ప్రతినిధి గడప తొక్కినవాళ్ళు తమ కథ చెప్పుకుంటే విచారణ జరిపి విముక్తి పత్రం ఇచ్చేవారు. ఎక్కడ పుట్టాను, ఎవరు ఎత్తుకొచ్చారు, ఎవరికి అమ్మారు, ఎన్నేళ్ళు దూకాను అని ఆ విన్నపాల్లో ఉంటుంది. ఈ తీరంలో సామాన్యుడి చరిత్ర సామాన్యుడి నోటి నుంచి దొరికే చోటు అదొక్కటే అనవచ్చు. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. ఇతను పారిపోయిన బానిసా, లేక అప్పు ఎగ్గొట్టిన దూకేవాడా అని అధికారులు తరచి తరచి అడిగేవారు. బానిసత్వం తప్పు, అప్పు మాత్రం వ్యాపారం. వ్యాపారం చెడకూడదు కదా! రోమ్‌లో నెక్సమ్‌ను రద్దు చేసి బానిసత్వాన్ని ఉంచుకున్నారు. ఇక్కడ బానిసత్వాన్ని తప్పన్నారు గానీ అప్పును ముట్టుకోలేదు.

ట్రూషియల్ పాలకులు బానిసత్వం చెల్లదని ఉమ్మడిగా ప్రకటించింది 1963లో. అంటే మన తాతల కాలం కాదు, మన నాన్నల కాలం.

ఆ పాత లోకాన్ని కూల్చింది మాత్రం చట్టం కాదు, జపాన్. మికిమోటో పెంపకపు ముత్యాలు 1920ల్లో ప్రపంచ బజారులోకి వచ్చాయి. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది. ముత్యం విలువ ఎంత పడిందో ఒక్క ఉదాహరణ. 1917లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవనాన్ని కార్టియే సంస్థ రెండు పేటల ముత్యాల హారం, 100 డాలర్ల నగదు ఇచ్చి తీసుకుంది. అప్పట్లో ఆ హారం విలువ 10 లక్షల డాలర్లు. 1957లో అదే హారం వేలంలో పలికింది 1,51,000 డాలర్లు. న్యూయార్క్‌లో అది వార్త. ఈ తీరంలో అది ఆకలి. 1930లు, 40లు ఇక్కడ చాలా కష్టకాలం. ఆ తర్వాత అబుదాబి 1962లో తొలి చమురు ఎగుమతి చేసింది. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఏర్పడింది. దూకేవాళ్ళ మనవలు ఈరోజు పైలట్లు, డాక్టర్లు, అధికారులు. మూడు తరాల్లో ఇంత మార్పు చూసిన సమాజాలు ప్రపంచంలో తక్కువ. వేటకు వెళ్ళిన తాతల కష్టాన్ని వాళ్ళు మ్యూజియంలలో, పాటల్లో గౌరవంగా గుర్తు పెట్టుకున్నారు. అది మెచ్చుకోవలసిన విషయం.

ఇప్పుడు తాడు ఎవరి నడుముకి?

పడవ పోయింది. పడవలో ఖాళీ అయిన కింది మెట్ల మీదకు వేరే దేశాల మనుషులు వచ్చారు. అందులో మనవాళ్ళు ఎంతోమంది. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప నుంచి వచ్చి భవనాలు కట్టినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు, ఇళ్ళలో పని చేసేవాళ్ళు.

పాత బానిసత్వాన్నీ ఇప్పటి ఉద్యోగాన్నీ ఒకే గాటన కట్టడం తప్పు. ఇక్కడ చట్టం మారుతూ వచ్చింది. 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా, ప్రభుత్వం కనిపెట్టి ఉండేలా వేసే పద్ధతి ఉంది. ఒకప్పుడు ఉద్యోగం మారడానికి పాత యజమాని నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది ‘బర్వా’ చీటీకి మనవడి లాంటిది. 2016లో వచ్చిన నిబంధనలు ఆ పట్టును సడలించాయి. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ఉద్యోగి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని, ఉద్యోగంలో చేర్చుకోవడానికి అతని దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదని చెప్పింది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. దూకేవాళ్ళు నీళ్ళలో ఉండిన అవే నెలల్లో ఇప్పుడు కూలీకి నీడన కూర్చునే హక్కు ఉంది. చరిత్ర ముందుకే నడిచిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే అప్పు పుస్తకం ఎక్కడికి పోయింది? అది మన ఊరికి వచ్చింది. ఇక్కడి యజమాని డబ్బు తీసుకోకూడదని చట్టం ఉంది. అక్కడ ఏజెంటు రుసుముకు 1983 నాటి మన వలస చట్టం హద్దు పెట్టింది. అయినా ఊళ్ళో వడ్డీకి తెచ్చి, పొలం కాగితాలు తాకట్టు పెట్టి, ఏజెంటు చేతిలో పోసి విమానం ఎక్కేవాళ్ళు ఇంకా ఉన్నారు. మొదటి ఏడాది, రెండో ఏడాది జీతం ఆ అప్పుకే. యజమాని మంచివాడైనా, జీతం నెలనెలా పడినా, అతను తిరిగి వెళ్ళలేడు. తాడు కొస ఇక్కడ లేదు, మన ఊరి వడ్డీ వ్యాపారి చేతిలో ఉంది. 1976లో భారతదేశం వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసినప్పుడు అందులో రద్దయిన పద్ధతుల పేర్లన్నీ రాశారు. భగేలా, జీతా, పాలేరు, వెట్టి. ఈ మాటలు మనకు నిఘంటువు చూడకుండా తెలుసు. కాబట్టి గల్ఫ్ నఖుదా కథ చదివి పరాయి దేశం సంగతి అనుకునే హక్కు మనకు లేదు.

ఇక మెట్ల సంగతి. రోమ్‌లో మనిషి మెట్టుకు ఒక అంకె ఉండేది. ఇప్పటి వలస జీవితంలోనూ ప్రతి దేశానికీ ఒక అంకె ఉంటుంది. 2019 నుంచి ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. అదే ఏడాది పదేళ్ళ గోల్డెన్ వీసా వచ్చింది. ఒక అంకెకు ఇవతలివాడు పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకు వెళతాడు. అవతలివాడు పిల్లల ఎదుగుదలను ఫోన్‌లో చూసుకుంటాడు. అమెరికాలో ఉన్నవాళ్ళు నవ్వుకోనక్కరలేదు. హెచ్-1బి వీసా మీద కంపెనీ మారడం 2000లో చట్టం మారేదాకా ఎంత చిక్కో పాత తరంవాళ్ళకు గుర్తుంటుంది. గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డవాళ్ళకు ఇప్పటికీ తెలుసు.

క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపుగా రోమన్ పౌరసత్వం ఇచ్చేశాడు. దాంతో మెట్లు పోయాయా? పోలేదు. అప్పటికే చట్టంలో ‘గౌరవనీయులు’, ‘అల్పులు’ అని మరో విభజన వచ్చి ఉంది. ఒకే నేరానికి మొదటివాడికి దేశ బహిష్కారం, రెండోవాడికి గనుల్లో చాకిరీ. కాగితం ఒక మెట్టు తీసేస్తే మనుషులు పక్కన ఇంకొకటి కట్టుకుంటారు. ఈ పని ఏ చక్రవర్తీ చెయ్యనక్కరలేదు, మనమే చేస్తాం.

మన తెలుగు సంఘాల సంగతి కూడా ఒక్కసారి ఈ వెలుగులో చూసుకుందాం. ఉగాదికి హోటల్ హాలులో టికెట్ పెట్టి వేడుక చేస్తాం. లేబర్ క్యాంపులో ఉన్న తెలుగువాడికి శుక్రవారం పూట అన్నదానం చేస్తాం. రెండూ మంచి పనులే. కానీ వేడుక ఒక చోట, అన్నదానం ఇంకో చోట. ఒకే వరుసలో కూర్చుని పచ్చడి తినే రోజు ఏడాదికి ఎన్ని? అతని దగ్గరికి వెళ్ళేది ఫోటోలు తీయించుకోవడానికేనా, లేక అతని ఒప్పంద పత్రం చదివి తెలుగులో చెప్పడానికా?

చెయ్యగలిగినవి పెద్ద పనులేం కావు. ఇక్కడి కార్మిక చట్టంలోని ముఖ్యమైన అంశాలను నాలుగు పేజీల్లో మంచి తెలుగులో అచ్చు వేసి, గల్ఫ్‌కు ఎక్కువమంది వచ్చే మండలాల్లో పంచవచ్చు. విమానం ఎక్కే ముందే ఒప్పందం, వీసా సరిచూసి చెప్పే వాలంటీర్లను ప్రతి సంఘం పెట్టుకోవచ్చు. ఏజెంటుకు కట్టే డబ్బు కోసం నూటికి మూడు, నూటికి అయిదు వడ్డీకి పోకుండా, తిరిగి కట్టే షరతుతో చిన్న రుణ నిధి నడపవచ్చు. మనలో లెక్కలు, సాఫ్ట్‌వేర్, చట్టం తెలిసినవాళ్ళకు కొదవ లేదు. బహ్రెయిన్‌లో 1920ల్లో దూకేవాడికి ఇచ్చిన మొదటి మేలు ఏమిటో గుర్తుందా? తన లెక్క తన చేతిలో ఉన్న పుస్తకం. ఆ మేలు ఇవాళ కూడా చెయ్యగలం. 1932 నేర్పిన పాఠం మరవకుండా, అప్పు తాడు కోసే ముందు పట్టుకోవడానికి ఇంకో తాడు అందించి మరీ చెయ్యగలం.

ఈ మహాసభల్లో ఎందరి మెడల్లోనో ముత్యాలు మెరుస్తాయి. మెరవాలి కూడా, మన ఊరి పేరే ముత్యాల నగరం. ఆ పాత పడవలో పని జంటగా సాగేది. ఒకడు నీళ్ళలో, ఒకడు పైన. పైన నిలబడ్డవాడు ఎంత అలసిపోయినా తాడు వదిలేవాడు కాదు. సముద్రాలు దాటి వచ్చిన తెలుగువాళ్ళలో కొందరం పైన నిలబడ్డాం, కొందరు ఇంకా నీళ్ళలో ఉన్నారు. తాడు కదులుతోందా లేదా అని చూస్తూ ఉండటం పైనున్నవాడి పని.